స్పిండిల్‌కి మంచినీళ్ళు

కొత్త యంత్రం కొంటే పూజ చేస్తారు. అందులో ఎవరికీ అనుమానం లేదు. పాత యంత్రానికి కొత్త భాగం బిగిస్తే పూజ చెయ్యాలా, అక్కర్లేదా? ఈ సందేహం మల్లేశ్వరరావును పంతొమ్మిదో ఏట పట్టుకుంది. అప్పుడతను తండ్రి సైకిలుకి కొత్త చైను వేయించాడు. కొబ్బరికాయ కొట్టాలా అని అడిగితే, "సైనుకి కాయేట్రా" అన్నాడు తండ్రి. మర్నాడే మల్లేశ్వరరావు ఆ సైకిలు మీద నుంచి పడితే మోకాలు దోక్కుపోయింది. చైను తెగలేదు, ఊడలేదు. అయినా సందేహం మాత్రం ఉండిపోయింది. తరవాతెప్పుడో ఒక పురోహితుణ్ణి అడిగాడు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఆ భాగంలో యంత్రం ప్రాణం ఉందేమో చూసుకో నాయనా" అన్నాడు. దాంతో ఒక సందేహం రెండైంది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. రెండువేల ఎనిమిదో సంవత్సరం, వైశాఖమాసంలో ఒక గురువారం తెల్లవారేసరికి ఆ సందేహం తేల్చక తప్పని పని వచ్చి పడింది.

మల్లేశ్వరరావుది కవిటి. విశాఖపట్నంలో బోర్డుల షాపులో పదకొండేళ్ళు పనిచేసి, సొంతంగా బతుకుదామని ఊరికి తిరిగి వచ్చాడు. విశాఖపట్నంలో మూతపడిన శిక్షణ సంస్థ ఒకటి సామాను అమ్మేస్తుంటే, బల్ల మీద పట్టేంత చిన్న సి.ఎన్.సి. మిల్లింగ్ మెషిను కొన్నాడు. కంప్యూటర్‌లో రాసింది రాసినట్టు లోహం మీద చెక్కుతుందది. ఇంటి ముందు గదిలో దాన్ని పెట్టుకుని, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు డబ్బాల మీద పేర్లు వేసే అచ్చురేకులు, స్కూళ్ళకు సీళ్ళు, గుమ్మాలకు పేర్ల పలకలు చేసేవాడు. మెషిను మంచిదే. కత్తిని పట్టుకుని గిర్రున తిప్పే స్పిండిల్ మాత్రం బలహీనం. చెక్క మీద పాడేది, ఇత్తడి మీద ఏడ్చేది. అందుకని మూడు వారాల కిందట కొత్త స్పిండిల్‌కి హైదరాబాదు బాలానగర్‌లో ఆర్డరిచ్చాడు. నిమిషానికి ఇరవైనాలుగు వేల చుట్లు తిరుగుతుంది. అంత తిరిగితే వేడెక్కుతుంది కాబట్టి, లోపల సన్నటి దారుల గుండా ఎప్పుడూ నీళ్ళు పారుతూ ఉండాలి. ఒక బక్కెట్టు, అందులో చిన్న పంపు, పైకి ఒక గొట్టం, కిందికి ఒక గొట్టం. అంతే.

ఆ పార్సిలు బుధవారం సాయంత్రానికి గాని పలాస రాలేదు. శుక్రవారం ఉదయం కవిటిలో కొత్త కల్యాణ మండపం ప్రారంభం. దానికి చందాలిచ్చిన తొంభైఆరుగురి పేర్లున్న ఇత్తడి పలక మల్లేశ్వరరావు చెక్కాలి. పాత స్పిండిల్‌తో అది రెండు రోజుల పని, కొత్తదానితో ఐదు గంటల పని. చందాల్లో మొదటి పేరు నారాయణరావుది. పలాసలో జీడిపప్పు వ్యాపారం, కవిటిలో సొంత కొబ్బరితోటలు, రాబోయే ఎన్నికల మీద చూపు ఉన్న మనిషి. ఆయన ఫోనులో ఉన్నమాట చెప్పేశాడు.

"మల్లేసూ, గురువారం నాలుక్కి నానే వత్తాను. పలక రెడీగా నేదనుకో, బరంపురం అట్టుకుపోతాను. ఆలు రాత్రికి రాత్రి సేసిత్తారు. పలకొక్కటే కాదు, మా ఫ్యాక్టరీ రేకులు కూడా ఆలకే ఇచ్చెత్తాను."

మల్లేశ్వరరావు పనిలో సగం ఆ ఫ్యాక్టరీదే. అది పోతే మెషిను అమ్ముకుని మళ్ళీ విశాఖపట్నం బస్సెక్కాలి.

అందుకే గురువారం అతని లెక్క పక్కాగా ఉంది. ఆరింటికి స్పిండిల్ బిగింపు, ఏడుకు పూజ, ఎనిమిదికి పని మొదలు, ఒంటిగంటకు తొంభైఆరో పేరు. తరవాత అక్షరాల్లో నల్లరంగు నింపి తుడవడానికి ఇంకా మూడు గంటలు చేతిలో ఉంటాయి. పూజ విషయం భార్య ప్రసన్నలక్ష్మి తేల్చింది.

"తిరిగేది అదే, కోసేది అదే. పేణం అందులో నేకపోతే ఇంకెందులో ఉంటాది? పువ్వు పెడితే పోయేదేటి?"

ఆమె తమ్ముడు జానకిరామ్ వైరింగు పనివాడు. సాయానికి వచ్చాడు. కొత్త స్పిండిల్ పాత పట్టులో వదులుగా కూర్చుంటే, ఖాళీ జీడిపప్పు డబ్బా కత్తిరించి ఆ రేకు ముక్క సందులో పెట్టి బిగించారు. ఇక మిగిలింది నీళ్ళు. హైదరాబాదు అతను ఫోనులో గట్టిగా చెప్పాడు.

"బోరు నీళ్ళు మాత్రం పొయ్యకండి సార్. లోపల గార కడుతుంది. ఆర్నెల్లలో స్పిండిల్ పోతుంది. శుద్ధి చేసిన నీళ్ళే పొయ్యండి. బోరు నీళ్ళు పోస్తే మాకు తెలిసిపోతుంది, గ్యారంటీ ఇవ్వం."

జానకిరామ్ రత్నాలమ్మ కొట్టుకి వెళ్ళి ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాలు మూడు అడిగాడు.

"మూడేటి? మీ ఇంటికాడ పెళ్ళేటి?" అంది రత్నాలమ్మ.

"పెళ్ళేటి అప్పా, మా బావ మెషినుకి. మన బోరు నీళ్ళు పట్టిత్తే ఆర్నెల్లకి సచ్చిపోద్దంట. హైదరాబాదోలు సెప్పినారు."

"మన నీళ్ళు మంచివి కావని మెషినుకి తెలిసిపోతాదేటి?"

"తెలవకేటి" అన్నాడు జానకిరామ్. అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా వదిలేసే అలవాటు అతనికి పుట్టుకతో లేదు.

ఆ ప్రాంతంలో నీళ్ళ గురించి అన్న మాట ఊరికే పోదు. వీధికొకరైనా కిడ్నీల జబ్బుతో విశాఖపట్నం ఆసుపత్రికి తిరుగుతున్న రోజులవి. నీళ్ళ వల్లేనని కొందరూ, కాదని కొందరూ అనేవారు. పరీక్ష చేస్తామని సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన పెద్దమనుషులు ఆ వీధివాళ్ళకు గుర్తున్నారు గాని, ఏం తేలిందో చెప్పడానికి మళ్ళీ వచ్చినవాళ్ళు గుర్తులేరు. అలాంటి వీధిలో, మంచి నీళ్ళో కాదో చెప్పే మెషిను మల్లేశ్వరరావు ఇంటికి వచ్చిందన్న సంగతి ఎనిమిదింటికల్లా తెలిసిపోయింది.

ఎనిమిదింటికి పూజ కూడా అయిపోయింది. స్పిండిల్‌కి పసుపుతాడు, కుంకుమబొట్టు, మందారప్పువ్వు పెట్టారు. కాయ కొట్టి, రెండు తులసి దళాలు బక్కెట్లో వేసింది ప్రసన్నలక్ష్మి. పంపు తిరిగింది. నీళ్ళు ఒక గొట్టంలోంచి ఎక్కి, మెషిను చుట్టి వచ్చి, రెండో గొట్టంలోంచి బుడబుడమంటూ బక్కెట్లో పడ్డాయి. గాలి కోసం వీధి తలుపులు బార్లా తీసి ఉంచారు. పలక మీద 'నారాయణరావు' అన్న మొదటి పేరు వెన్నలో చెక్కినట్టు దిగింది. మల్లేశ్వరరావు ఒక్క క్షణం చేతులు జోడించాడు.

రెండో పేరు మధ్యలో ఉండగా పోలారావు మాస్టారు వచ్చాడు. సైన్సు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో లీటరు సీసా, దాని మీద అంటించిన కాగితం.

"మల్లేసూ, ఇది మా పెరట్లో బోరు. నూటెనభై అడుగులు. కాస్త నీ మెషినుకి పట్టి సూడు."

"ఏటి సూడాలి మాస్టారూ?"

"సత్తాదో, బతుకుతాదో."

స్పిండిల్ హోరులో మల్లేశ్వరరావుకి సగమే వినిపించింది. కళ్ళు పలక మీద ఉన్నాయి. పెద్దమనిషిని పొమ్మనలేక, "అక్కడ పెట్టండి మాస్టారూ, తరవాత సూత్తాను" అన్నాడు.

ఆ రోజు అతను చేసిన తప్పు అదొక్కటే. తరవాతవన్నీ వాటంతటవే జరిగాయి.

మాస్టారి సీసా తీసుకున్నాడని తెలియగానే మిగతావాళ్ళవి ఎందుకు తీసుకోడన్నారు. పదింటికి అరుగు మీద ముప్పైఒక్క సీసాలున్నాయి. కూల్‌డ్రింకు సీసాలు, దగ్గుమందు సీసాలు, ఎవరూ తమదని ఒప్పుకోని బ్రాందీ సీసాలు నాలుగు. జలంత్రకోట నుంచి ఒకాయన ఏకంగా డబ్బాతో తెచ్చాడు. గందరగోళం చూడలేక మాస్టారు అరుగు మీద కుర్చీ వేయించుకుని, సీసాలకు నంబర్లు వేసి, ఒక నోటుపుస్తకంలో పేరూ బోరు లోతూ ఎక్కించడం మొదలుపెట్టాడు. పుస్తకం కనిపించేసరికి ఇది ప్రభుత్వం పని అనుకుని ఇంకొందరు వచ్చారు.

మల్లేశ్వరరావు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, "ఇది పేర్లు సెక్కే మెషినండీ, నీళ్ళకీ దీనికీ ఏటీ సంబంధం లేదు" అని అరిచాడు. ఇరవైనాలుగు వేల చుట్ల హోరు ముందు అతని గొంతు నిలవలేదు. చెయ్యి ఊపడం మాత్రం కనిపించింది. వరసలో నిలబడమంటున్నాడని జనం వరసలో నిలబడ్డారు.

ఎండ ముదిరింది. దూరం నుంచి నడిచి వచ్చిన ముసలమ్మ ఒకతె గుమ్మంలో కూలబడి మంచినీళ్ళు అడిగింది. ఇంట్లో కుండ అడుగంటింది. ప్రసన్నలక్ష్మి మెషిను పక్కన పెట్టిన డబ్బాలోంచి గ్లాసు నింపి ఇచ్చింది.

"ఓలమ్మ, ఎంత తియ్యగున్నాయే."

ఆ ముసలమ్మ గ్లాసు దించి చుట్టూ చూసింది. ఇటుపక్క ఊరందరి బోరు నీళ్ళూ సీసాల్లో ఉన్నాయి. అటుపక్క తన చేతిలో తియ్యటి నీళ్ళున్నాయి. మధ్యలో బొట్టు పెట్టుకున్న మెషిను, గొట్టంలోంచి పడుతున్న ధార. ఇంకొకరు చెప్పవలసింది ఏమీ లేదు. అరగంటలో సీసాల వెనక బిందెలు వచ్చాయి.

దాహమన్నవాళ్ళకు ప్రసన్నలక్ష్మి లేదనలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పన్నెండింటికి ఆమె లోపలికి వచ్చి మెల్లగా, "మూడో డబ్బా కూడా అయిపోయినాది" అంది.

"అవి మెషినుకి తెచ్చినవే."

"గొంతెండి వచ్చినోలకి, ఇవి మీకు కాదు మెషినుకని ఏ నోటితో సెప్పమంటారు?"

మల్లేశ్వరరావు మళ్ళీ పలక వైపు తిరిగాడు.

ఈలోగా బక్కెట్లో తులసి కనిపించి, అది తీర్థమనుకుని ఆడవాళ్ళు చేతులు చాచి తలా ఒక పుడిసెడు తీసుకుని తల మీద చల్లుకుంటున్నారు. అతను పలక మీద నుంచి కళ్ళెత్తేసరికి పంపు గుటగుటమంటోంది, గొట్టంలోంచి గాలి వస్తోంది. స్పిండిల్ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. గబుక్కున ఆపేశాడు. అరవైఒకటో పేరు. ఇంకా ముప్పైఐదు. టైము పన్నెండున్నర.

"జానకీ, పరుగెట్టు. రెండు డబ్బాలు."

జానకిరామ్ ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. "కొట్టు ఖాళీ బావా. మెషిను ఏ నీళ్ళు తాగుతాదో మాకూ ఆ నీళ్ళే ఇయ్యమని ఊరంతా ఎగబడి కొనేసినారు. సోంపేటెళ్ళి తెత్తే మూడవుతాది."

మల్లేశ్వరరావు హైదరాబాదుకి ఫోను చేశాడు. "సార్, ఒక్క పూటకి బోరు నీళ్ళు పోస్తే?"

"ఒక్క పూటకేం కాదండీ. రోజూ పోస్తేనే."

ఫోను పెట్టేసి అతను అరుగు మీది సీసాల వైపు కాసేపు చూస్తూ నిలబడ్డాడు. రోజూ ఆ నీళ్ళే తాగేవాళ్ళు సీసాలకు అవతల నిలబడి ఉన్నారు. దేవుడు వీళ్ళకు ఏ గ్యారంటీ రాసిచ్చాడో అనిపించింది. అలాంటి ఆలోచనకు లెంపలు వేసుకోవాలో లేదో కూడా తేల్చుకునే తీరిక ఆ పూట లేదు.

"మాస్టారూ, ఆ సీసాలు ఇలా ఇయ్యండి."

"నంబరు ప్రకారం" అన్నాడు మాస్టారు. "మొదటిది నాది."

మొదటి సీసా బక్కెట్లో పడింది. వీధి వీధంతా మెడ చాచింది. ముప్పైఒక్క సీసాలూ, జలంత్రకోట డబ్బా పోసేసరికి బక్కెట్టు నిండింది. మల్లేశ్వరరావు స్విచ్చి వేశాడు. పంపు ఎత్తింది, ధార పడింది, స్పిండిల్ హోరందుకుంది. నిమిషం, రెండు నిమిషాలు, ఐదు.

"సావనేదు" అన్నారెవరో. ఆ గొంతులో సంతోషమో, నిరాశో తెలియలేదు.

"మా బోరు మీద నాకు మొదట్నుంచీ నమ్మకమే" అన్నాడు మాస్టారు.

వరసలో ఉన్నవాళ్ళకు మాత్రం వేరేగా అర్థమైంది. ఊరి నీళ్ళన్నీ లోపల పోశారు, మెషిను బాగు చేసి బయటికి వదులుతోంది. బిందెల వరస పోస్టాఫీసు దాటింది.

అప్పుడు వచ్చింది జోగమ్మ. సముద్రం ఒడ్డు పల్లె నుంచి రోజూ తట్టతో చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. ఇవాళ తట్టలో చేపల బదులు బిందె ఉంది. వరసను పట్టించుకోకుండా నేరుగా గుమ్మం ఎక్కింది.

"ఓలప్పా, వరసలో రా" అన్నారు వెనకనుంచి.

"నాకు వరసేటి? ఈలింటికాడ నాకు బిందె బాకీ ఉన్నాది."

అది నిజమే. తొంభైతొమ్మిది తుపానుకి కొబ్బరితోటలన్నీ పడుకున్నాయి. దారులు మూసుకుపోయాయి, బావుల్లో నీళ్ళు చెడిపోయాయి. అప్పటికి ప్రసన్నలక్ష్మికి నెలలు నిండాయి. మూడోరోజున జోగమ్మ, ఒడ్డున ఇసుక తవ్వి ఊరిన చెలమ నీళ్ళు బిందెడు, పడిన చెట్లు దాటుకుంటూ మూడు మైళ్ళు మోసుకొచ్చి ఇచ్చింది. వారం తరవాత ఆ బిందె తిరిగి ఇచ్చేటప్పుడు ఇంట్లో ఏమీ లేక ఖాళీగా ఇచ్చారు. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపడం ఆ వైపు ఎక్కడా లేదు. చిటికెడు బెల్లమైనా వేసి పంపుతారు. అప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా జోగమ్మ వీధిలో కనిపించినప్పుడల్లా, "ఖాళీ బిందె అమ్మగారు బాగున్నారా" అని పలకరించేది. బియ్యం పోస్తామంటే ఒప్పుకోలేదు, చీర పెడతామంటే ఒప్పుకోలేదు. "నీళ్ళకి నీళ్ళే" అనేది.

జోగమ్మ మెషిను చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మల్లేశ్వరరావు చెవి దగ్గరకు వచ్చి అడిగింది.

"బావూ, ఈ నీళ్ళు నువ్వు తాగుతావేటి?"

పొద్దున్నుంచీ అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"తాగను జోగమ్మా. ఇది నీళ్ళు బాగు సేసే మెషిను కాదు."

"అయితే నాకూ వొద్దు" అంది జోగమ్మ. బిందెను మాత్రం వెనక్కి తీసుకోలేదు. అరుగు మీద బోర్లించింది. "ఇక్కడే ఉంటాది. ఖాళీది మోసుకుపోడానికి ఇంతదూరం రానేదు."

రెండు నుంచి మూడున్నర దాకా కరెంటు పోయింది. వచ్చి, మెషిను మళ్ళీ తిరిగి, ఎనభైఏడో పేరులో ఉండగా వీధి చివర కారు హారను వినిపించింది. సరిగ్గా నాలుగు. తొమ్మిది పేర్లు మిగిలాయి.

నారాయణరావు కారు దిగీ దిగకముందే మెడలో దండ పడింది. మెషిను కింద ఉన్న ఇత్తడి పలక మీద అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో ఆయన పేరుంది. అది చూసినవాళ్ళు మెషిను ఆయనే ఇప్పించాడని ఎప్పుడో తీర్మానించుకున్నారు. దండ ఎందుకు వేశారని అడిగే అలవాటు నారాయణరావుకి లేదు. జనం వైపు చూశాడు, బిందెలు చూశాడు. ఎవరో చెవిలో చెప్పింది విన్నాడు. అరుగెక్కి నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు. మల్లేశ్వరరావుకి కావలసింది కూడా అదే. ఉపన్యాసం ఎంత సాగితే అన్ని పేర్లు పడతాయి.

ఉపన్యాసం అరగంట సాగింది. ఊరి నీళ్ళ బాధ తన బాధ అన్నాడు నారాయణరావు. హోరుకి మించి అరుస్తూ, ఎక్కడెక్కడికి తిరిగాడో చెప్పాడు. తొంభైఆరో పేరు ముగిసి మల్లేశ్వరరావు స్పిండిల్ ఆపిన క్షణానికి ఆయన సరిగ్గా, "ఈ మెషిను నానే తెప్పించినాను" అంటున్నాడు. పొద్దున్నుంచి మొదటిసారి నిశ్శబ్దమైన ఆ వీధిలో ఆ మాట చివరిదాకా స్పష్టంగా వినిపించింది.

ఎవరో బక్కెట్లోంచి గ్లాసు ముంచి ఆయన చేతికిచ్చారు. "మొదట మీరు తాగండి బాబూ. తరవాత మేం తాగుతాం."

నారాయణరావు గ్లాసులోకి చూశాడు. మెషిను బొట్టు కుంకుమ రాలి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. పలక మీంచి ఎగిరి పడ్డ ఇత్తడి పొడి అడుగున మెరుస్తోంది. గ్లాసు మీదుగా మల్లేశ్వరరావుని చూశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించమన్న చూపు అది. తప్పిస్తే ఫ్యాక్టరీ పని ఎక్కడికీ పోదు. కాని వరసలో రెండు వందల బిందెలున్నాయి.

"తాగకండి" అన్నాడు మల్లేశ్వరరావు. జనం వైపు తిరిగాడు. "ఎవులూ తాగకండి. ఇది పేర్లు సెక్కే మెషిను. ఇందులో తిరిగినవి మీ సీసాల్లో నీళ్ళే. మీరు తియ్యగున్నాయన్నవి డబ్బా నీళ్ళు. అవి మెషిను కోసం తెప్పించినాను."

వరసలో ముందున్నవాళ్ళు బిందెలు కిందికి దించారు.

"అంటే మెషినుకి డబ్బా నీళ్ళు, మనకి బోరు నీళ్ళు" అంది జోగమ్మ.

నారాయణరావు అనుభవం ఉన్న మనిషి. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "నాను సెప్పబోయేది కూడా అదే. ఇది మెషిను మాత్రమే. అసలు నీళ్ళ ప్లాంటు ఈ దసరాకి ఈ వీధిలోనే నా సొంత డబ్బుతో పెట్టిత్తాను. మాటిత్తన్నాను."

చప్పట్లు రాబోయాయి. పోలారావు మాస్టారు నోటుపుస్తకం మూసి లేచాడు.

"నారాయణరావుగారూ, మాట గాలికి పోతాదండి. ఈ పలక అడుగున మూడంగుళాల జాగా ఖాళీగా ఉన్నాది. మెషిను ఎదురుగానే ఉన్నాది. సెక్కించీయండి."

"రేపు సూద్దాం మాస్టారూ."

"రేపు పొద్దున్నే కల్యాణ మండపానికి బిగించెత్తారు కదండీ."

"సెక్కించీయండి బాబూ" అన్నారు వెనకనుంచి. వరసంతా ఆ మాటే అంది, బిందెల మీద దరువుతో.

నారాయణరావు మల్లేశ్వరరావు దగ్గరకు వచ్చి, పెదవులు కదపకుండా అన్నాడు. "మల్లేసూ, కుదరదని సెప్పు. టైము నేదను. మెషిను వేడెక్కిందను. బరంపురం సంగతి మర్సిపోకు."

మల్లేశ్వరరావు పలక వైపు చూశాడు. స్పిండిల్ మీద చెయ్యి వేసి చూశాడు. అది చల్లగానే ఉంది.

"పది నిమిషాల పని బాబూ" అన్నాడు. "కొత్త స్పిండిల్ కదా."

మాస్టారు చెప్తుంటే కంప్యూటర్‌లో కొట్టాడు. 'శ్రీ నారాయణరావు గారు విజయదశమి నాటికి ఈ వీధిలో మంచినీటి ప్లాంటు పెట్టించెదరు.' రత్నాలమ్మ తన ఇంటికని దాచుకున్న చివరి డబ్బా పంపించింది. బక్కెట్లో పాత నీళ్ళు పారబోసి, ఆ నీళ్ళు పోసి స్విచ్చి వేశారు. ఆ ఒక్క వాక్యం పడేదాకా రెండు వందల మంది కదలకుండా నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

ఆ రాత్రే అక్షరాల్లో రంగు నింపారు, తెల్లవారేసరికి పలక మండపానికెక్కింది. నారాయణరావు అన్నంత పనీ చేశాడు. ఫ్యాక్టరీ రేకులు బరంపురం వెళ్ళిపోయాయి. ఐదు నెలలు మల్లేశ్వరరావు బడి సీళ్ళతో, సైకిలు నంబరు బిళ్ళలతో నెట్టుకొచ్చాడు. ఒకటి రెండుసార్లు విశాఖపట్నం బస్సు టైములు కూడా కనుక్కున్నాడు. కల్యాణ మండపంలో మాత్రం పెళ్ళికి వచ్చిన ప్రతివాడూ తొంభైఆరు పేర్లూ వదిలేసి ముందు అడుగు వాక్యమే చదివేవాడు. పలక మీద పూలదండ వేలాడదీయించి చూశాడు నారాయణరావు. దండ వాడిపోయేది, వాక్యం వాడిపోయేది కాదు. మగపెళ్ళివాళ్ళు ఆడపెళ్ళివాళ్ళను, "ప్లాంటు ఎక్కడండీ" అని అడగడం మొదలైంది. విజయదశమికి నాలుగు రోజులు ఆలస్యంగా ఆ వీధిలో ప్లాంటు తిరిగింది.

దానికి ముందురోజు పొద్దున్నే నారాయణరావు కారు వీధి చివర ఆపి, నడిచి వచ్చాడు.

"ప్లాంటుకి పలక కావాలి మల్లేసూ. ప్రారంభం రేపే. బరంపురపోలు వారం అంటన్నారు." గొంతు తగ్గించి, "రేకుల పని కూడా నువ్వే సూసుకో. ఈ పలక మీద నా పేరొక్కటే సాలు. అడుగున జాగా మాత్రం వొదలకు" అన్నాడు.

ప్రారంభం రోజు వరసలో మొదట నిలబడింది మల్లేశ్వరరావు. చేతిలో ఐదు నెలలుగా తన అరుగు మీద బోర్లించి ఉన్న జోగమ్మ బిందె. అంచుదాకా పట్టి, మూత కట్టి, మోపెడ్ వెనక ప్రసన్నలక్ష్మి ఒళ్ళో పెట్టుకుని కూర్చోగా, చుక్క ఒలకకుండా మూడు మైళ్ళూ నడిపించాడు. జోగమ్మ గుమ్మంలో వలకు ముళ్ళు వేస్తోంది. బిందె దింపగానే మూత తీసి, లోపలికి చూసి, తల ఊపింది. దోసిలి పట్టి ఒక గుక్క తాగింది.

"ఆనాడు నాను తెచ్చిన సెలమ నీళ్ళే బాగున్నాయి" అని, మళ్ళీ వల అందుకుంది.